గడప మాట

పదకొండో లంక, మెయిళ్ల బల్ల దినచర్య. రాసేది మాణిక్యం.

మఖ కార్తె, పన్నెండో రోజు

సముద్రం నెమ్మదిగా ఉంది. నీళ్ల మీద తేలే లంక ఊగడం లేదు కాబట్టి ఈరోజు నా చేతిరాత నాకే ముచ్చటగా ఉంది.

ఆరు దొంగ మెయిళ్లు పట్టాను. అందులో ఒకటి అద్దం కట్టించి పెట్టుకోదగ్గది. నీలగర్భ కంపెనీవారు మన లంకవాసుల ఓర్పుకు మెచ్చి ఇంటింటికీ కొత్త మంచినీటి యంత్రం బహూకరిస్తారట, అరచేతి ముద్ర పంపితే చాలునట. ఇరవై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను, అంత చక్కటి తెలుగు ఒక్క పిల్ల కూడా రాసి చూపించలేదు. అక్కడే దొరికిపోయాడు. కంపెనీవాళ్లు మనకి ఏనాడు ఇంత మర్యాదగా రాశారు గనక! ఎర్ర ముద్ర కొట్టి పెట్టెలో పడేశాను. కార్తె మారిన రోజున పెట్టెడూ కాల్చేస్తాం.

తొమ్మిదో లంక నుంచి కొత్తగా కాపురం వచ్చిన మొగుడూ పెళ్లాలు, కంపెనీ మెయిలు ఇంట్లోనే సొంత పలకలో తెరిచేశామని నవ్వుతూ చెప్పారు. నాకు ఒళ్లు మండింది. కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. కంపెనీ పేరుతో ఏది వచ్చినా బల్ల దగ్గరికి రావాలి. నేను కాగితం మీదికి దింపి ఇస్తాను, ముందు ఇంటివాళ్లు చదువుకుంటారు, ఆ తర్వాత నేను చూసి ముద్ర వేస్తాను. నీలమైతే నిజం, ఎరుపైతే దొంగ. పోయినేడు ఏడో లంకలో ఒకావిడ దొంగ మెయిలుకి అరచేతి ముద్ర పంపింది. వారం తిరక్కుండా, ఆవిడ ఇద్దరు పిల్లల్నీ పదేళ్లపాటు సముద్రం అడుగున గనిలో పనికి ఒప్పజెప్పినట్టు కాగితాలు పుట్టాయి. పడవ వచ్చి తీసుకుపోయింది.

"మరి మనిషే ఇంటికొత్తే?" అంది ఆ కొత్త ఇల్లాలు.

"గడప మాట పెట్టుకున్నారా?" అన్నాను. లేదట. ఇంకొకళ్ల ముఖం తొడుక్కుని ఇంకొకళ్ల గొంతుతో వచ్చే కాలంలో గడప మాట లేకుండా ఎలా బతికారో నాకు అర్థం కాలేదు.

చెప్పి ముగించేసరికి మా ఇళ్ల వరసలో గొడవ వినిపించింది, పాఠానికి ఉదాహరణ దానంతటదే దొరికింది. జోగినాథం మావయ్య వాళ్ల ఇంటి గడప మాట మర్చిపోయి ఎండలో నిలబడ్డాడు. లోపల అత్తయ్య తలుపు తియ్యదు.

"ఒసేయ్, నేనేనే! నలభై ఏళ్ల నుంచి నీతో ఏగుతున్నాను!"

"ఆ మాట దొంగోడు కూడా అంటాడు. మాట సెప్పు, లోనకి రా."

చివరికి పద్ధతి ప్రకారం అత్తయ్యే గడప దాటి బయటికి వచ్చింది. ఆమె వంగి ఆయన చెవిలో మాట చెబుతుంటే వరసలో ఉన్నవాళ్లందరం రెండు చేతులతో చెవులు మూసుకున్నాం. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది, ఆయన మాట చెప్పాడు, తలుపు తెరుచుకుంది. అప్పుడే మేం చేతులు దించాం. మాట మార్చుకున్నప్పుడు ఊళ్లో లేనివాళ్లకి కూడా ఇలాగే, తిరిగొచ్చాక చెవిలో చెప్పాలి. గడప మాట నోటితో చెప్పేది. ఏ పలకలోనూ, ఏ కాగితం మీదా రాయకూడదు. ఎక్కడైనా రాతలో కనపడిందంటే దొంగల చేతిలో పడ్డట్టే, ఆ పూటే మార్చుకోవాలి.

ఈ నియమం పెట్టింది నేనే. పదకొండేళ్లయింది. ఈ బల్ల మీద ఇంతవరకూ ఒక్క తప్పు ముద్ర పడలేదు.

పుబ్బ కార్తె, నాలుగో రోజు

నూకరత్నానికి మెయిలు వచ్చింది. వలలు కుట్టే నూకరత్నం, మా వరసలో చివరి ఇల్లు. ఆమె భర్త గోవిందు నీలగర్భ గనిలో అడుగు పనికి వెళ్లి అయిదు నెలలవుతోంది. అడుగు పని ఆరు నెలలు. ఈలోపు పైకి మాట ఉండదు, పలకరింపు ఉండదు. ఇంట్లో ఆమె, తొమ్మిదేళ్ల కూతురు మహి.

కాగితం ఆమె చేతికిచ్చి నేను పక్కకి తిరిగాను. చదవడం అయ్యుంటుందని తిరిగి చూస్తే కాగితం అడుగున ఒక వరస మడత పెట్టి గట్టిగా పట్టుకుంది.

"టీచరుగారూ, ఇందులో మా గడప మాట ఉందండి."

సిరా ఇచ్చి ఆ వరస కనపడకుండా పులమమన్నాను. పులిమాక మిగతాది చదివాను. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"నూకరత్నం గారికి. గోవిందు గారిని నాలుగు రోజుల కిందట పైకి తెచ్చారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆస్పత్రి ఓడలో ఉన్నారు. మిమ్మల్నీ పాపనీ అడుగుతున్నారు. ముందుగా అరచేతి ముద్ర పంపకపోతే మీ పడవని ఓడ దగ్గరికి రానివ్వరు, అందుకని దీనికి జవాబుగా ముద్ర పంపి వెంటనే బయలుదేరండి. ఈ మెయిలు మీరు నమ్మరని ఆయన ఒక మాట రాయమన్నారు. ఎస్తేరు, నర్సు."

చిరునామా కంపెనీది కాదు. కంపెనీ మెయిళ్ల కింద ఉండే సంతకం గీత లేదు. తొందర ఉంది. అరచేయి అడిగారు. ఈ నాలుగిట్లో ఏ ఒక్కటున్నా ఎర్ర ముద్ర కొడతాను, ఇందులో నాలుగూ ఉన్నాయి. వాటి మీద గడప మాట.

"ఆయనే సెప్పుంటాడేమోనండి. నేను నమ్మనని భయపడి."

"గోవిందు అలాంటివాడా? పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఎవరి దగ్గరైనా అన్నాడా?"

"అనలేదండి. తాగినప్పుడు కూడా అనలేదు."

"మరి?"

ఎర్ర ముద్ర కొట్టాను. సాయంత్రంలోగా గడప మాట మార్చుకోమని చెప్పాను. నిజానిజాలు కనుక్కోవడానికి కంపెనీ కార్యాలయానికి నా పేరుతో విచారణ కూడా పంపాను. జవాబుకి ఎనిమిది రోజులు పడుతుంది. వెళ్లేటప్పుడు నూకరత్నం గుమ్మం దగ్గర ఆగి, "కొత్త మాట మహిని పెట్టమంటానండి, నాకేం తోసట్లేదు" అంది.

పుబ్బ కార్తె, ఆరో రోజు

రెండో మెయిలు. అదే చిరునామా.

"ముందు మెయిలు అందిందా? ఆయనకి మాట్లాడితే ఆయాసం వస్తోంది. నమ్మడానికి ఇంకేం చెప్పమంటారని అడిగితే, మంచం పక్క గోడ మీద పాప గీసిన చేప గురించి రాయమన్నారు. మూడు కళ్ల చేప. మూడో కన్ను నాన్న అడుగున ఉన్నప్పుడు చూడటానికట. దయచేసి ముద్ర పంపండి."

ఆ చేప ఇంట్లో మంచం పక్కన ఉంది. అంటే వీళ్లు ఇంట్లోకి కూడా చూడగలుగుతున్నారు. వాళ్లింటికి వెళ్లి పలకలన్నీ గోనెసంచిలో కట్టించి బయట పెట్టించాను. మూలలన్నీ తడిమి చూశాను, దాచిపెట్టిన కన్నేమీ దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు, మనకంటే తెలివైనవాళ్లని. దొంగలకి తెలిసిన గుర్తు ఏదీ ఇంట్లో ఉండకూడదు. ఇది కూడా నా నియమమే.

సున్నం కలిపి తెచ్చాను. మహి గోడకి అడ్డంగా నిలబడింది.

"నాన్నకి ఇల్లెలా తెలుత్తాది? సేప లేపోతే?"

"ఇల్లు ఎక్కడికీ పోదమ్మా. మీ నాన్న వచ్చాక ఇద్దరూ కలిసి ఇంకా పెద్ద చేపని గీద్దురుగాని."

వాళ్లమ్మే దాన్ని ఎత్తుకుని పక్కకి తీసుకెళ్లింది. సున్నం నేనే వేశాను. ఒక పూతకి మూడో కన్ను ఇంకా కనపడుతూనే ఉంటే రెండో పూత వేశాను.

పుబ్బ కార్తె, తొమ్మిదో రోజు

మూడో మెయిలు. మూడే మాటలు. "తొందరగా రండి. దయచేసి."

నూకరత్నం ఈసారి కాగితం నా చేతికి ఇవ్వలేదు. బల్ల మీద ఉన్న, అరచేతి ముద్ర తీసే పలక వైపు చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఒదలండి టీచరుగారూ. నా సెయ్యి నా ఇష్టం."

"నీ చెయ్యి నీ ఒక్కదానిదేనా? ఆ చేతి కింద పాప పేరు లేదూ? రేపు పడవ వచ్చి మహిని అడుగు పనికి తీసుకుపోతే గోవిందు వచ్చాక ఏం చెబుతావు?"

"నిజంగా ఆయనే అయితేనండి?"

"కాదు."

"అంత గట్టిగా ఎలా సెప్తారండి?"

పదకొండేళ్లని చెప్పాను. ఒక్క తప్పు ముద్ర లేదని చెప్పాను. తొందరపెట్టేవాడు దొంగే అని, బతిమాలేవాడు ఇంకా పెద్ద దొంగ అని, బడిలో ఎక్కం చెప్పినట్టు చెప్పాను.

"పోనీ ముద్ర పంపను. పడవేసుకుని ఓడ కాడికెల్లి దూరం నుంచి కేకేత్తాను."

"ఎనిమిదో లంకవాళ్లు అలాగే వెళ్లారు. పడవ ఒక్కటే తిరిగొచ్చింది. మూడు రోజులు ఓపిక పట్టు, కంపెనీ జవాబు వచ్చేస్తుంది."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. కాసేపయ్యాక తనే కాగితం బల్ల మీద పెట్టింది. ముద్ర కొట్టేటప్పుడు నా చెయ్యి ఏమీ వణకలేదు. ఆ సంగతి రాసి ఉంచాలి.

పుబ్బ కార్తె, పన్నెండో రోజు

కంపెనీ జవాబు వచ్చింది! అసలైన చిరునామా, అసలైన సంతకం గీత, అన్నీ సరిగ్గా ఉన్నాయి. "మీరు ప్రస్తావించిన మెయిళ్లు మా కార్యాలయం నుండి పంపబడలేదు." ఒక్క వాక్యం. చాలు.

పరుగెత్తుకెళ్లి చెప్పాను. నా వయసుకి అది పరుగే. నూకరత్నం చదువుకుని, మళ్లీ చదువుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత నవ్వింది. ఎనిమిది రోజులుగా పొయ్యి సరిగా వెలిగించని మనిషి ఆ మధ్యాహ్నం రొయ్యల వేపుడు చేసి బల్ల దగ్గరికి పట్టుకొచ్చింది.

"మిమ్మల్ని అనరాని మాటలన్నానండి. మనసులో పెట్టుకోకండే."

"తినే ముందు ఇది నిజం రొయ్యో దొంగ రొయ్యో చూడనీ" అన్నాను. మహి పకపకా నవ్వింది. ముగ్గురం కలిసి తిన్నాం. కారం కాస్త ఎక్కువైంది గానీ బాగుంది. గోవిందు తిరిగి రావడానికి ఇంక పాతిక రోజులే. అతనొస్తే కొత్త మాట చెవిలో చెప్పడానికి తనే వెళ్తానని మహి పట్టుబట్టింది. మాట పెట్టింది తనే కదా మరి.

ఉత్తర కార్తె, రెండో రోజు

నూకరత్నానికి మెయిలు వచ్చింది. నీలగర్భ కంపెనీ నుంచి.

కాగితం దింపుతుంటే పైన నల్లగీత కనపడింది. పద్ధతి ప్రకారం ముందు ఇంటివాళ్లు చదవాలి. నేను చదివేశాను. ఆ తప్పు కూడా ఇక్కడ రాస్తున్నాను.

గోవిందు పోయాడు. కంపెనీ తేదీని మన కార్తెలోకి మార్చి చూసుకున్నాను. పుబ్బ పన్నెండు, మధ్యాహ్నం.

కింద ఇంకో పేరా ఉంది. "అనారోగ్య సమాచారం కుటుంబానికి పద్నాలుగు రోజుల పరిశీలన అనంతరం మాత్రమే తెలియజేయబడును. ఈ నిబంధనకు విరుద్ధంగా సొంత చిరునామా నుండి సమాచారం పంపిన నర్సును విధుల నుండి తొలగించడమైనది."

చిరునామా చూశాను. సంతకం గీత చూశాను. తొందర లేదు, బతిమాలడం లేదు, ఎవరి అరచెయ్యీ అడగలేదు. ఏ లోపమూ లేని మెయిలు. దీని మీద నేను నీలం ముద్ర కొట్టాలి.

కొట్టాను.

ఎస్తేరు అనే మనిషి ఉంది. కంపెనీ పలక వాడనివ్వకపోతే సొంత దానితో రాసింది. సంతకం గీత లేనిది అందుకు. అతను పోతున్నాడు కాబట్టి తొందరపెట్టింది. మేం కదలలేదు కాబట్టి బతిమాలింది. ఇరవై ఏళ్లు బడిలో, పదకొండేళ్లు ఈ బల్ల దగ్గర కూర్చున్నాను. బతిమాలేవాడు నిజం మనిషి కూడా అయి ఉండొచ్చని నాకెందుకు తట్టలేదు? గోవిందు ఏ మత్తులోనూ బయటపెట్టని మాటని, ఊపిరి అందనప్పుడు, ముక్కూ ముఖం తెలియని మనిషికి చెప్పి రాయించాడు. మేం ప్రాణంలా దాచుకోమన్నదాన్ని పెళ్లాం కోసం బయటపెట్టాడు. అదే దొంగతనానికి రుజువని నేను తేల్చాను. అతని మాటని అతని ఇంట్లో చెల్లకుండా చేశాను.

పెట్టె నిన్ననే కాల్చాల్సింది. మోకాళ్ల నొప్పని వాయిదా వేశాను. తెరిచి ఆ మూడు కాగితాలూ వెతికి తీశాను. ఎర్ర ముద్రల పక్కన నీలం ముద్రలు కొట్టాను. ఇప్పుడు కొట్టి ఎవరికి ఉపయోగమో తెలియదు. నిజం కాబట్టి కొట్టాను.

నూకరత్నం ఇంటి ముందు వల కుడుతోంది. నా ముఖం చూసి సూది కింద పెట్టేసింది. నాలుగు కాగితాలూ ఆమె ఒళ్లో పెట్టాను. మొదట నల్లగీత కాగితం చూసింది. తర్వాత మిగతా మూడూ ఒక్కొక్కటే, వాటి మీది రెండు రంగులూ చూసింది. సిరా పులిమిన వరస మీద బొటనవేలితో రుద్దింది, కింద ఉన్నది కనపడుతుందేమోనని.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆ మద్దేనం మనం రొయ్యలు తిన్నాం" అంది.

తప్పయిపోయిందని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో గుర్తు లేదు. ఆమె విన్నట్టు లేదు.

ఉత్తర కార్తె, నాలుగో రోజు

పొద్దున్న పడవలో గోవిందుని తెచ్చారు. తోడు వచ్చింది కంపెనీ మనిషి కాదు. పాతికేళ్లుండవు, బక్కపలుచని పిల్ల, చేతిలో చిన్న సంచి. పడవ దిగగానే "నూకరత్నం గారి ఇల్లెక్కడండీ? నేను ఎస్తేరునండీ" అంది. ఆ పిల్ల ముఖం చూడలేక నేను జనం వెనక్కి వెళ్లాను.

వరసంతా ఇళ్లలోంచి బయటికి వచ్చింది. జోగినాథం మావయ్యా ఇంకో ముగ్గురూ మోసుకొచ్చి చివరి ఇంటి ముందు దించారు. తలుపు వేసి ఉంది. మా లంకలో పెళ్లికైనా చావుకైనా తలుపు ముందు ఆగాల్సిందే.

ఎస్తేరు తలుపు దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకుంది. "అమ్మా, ఆయన నాకో మాట చెప్పారండీ. అది గడప ముందు చెబితే తలుపు తీస్తారన్నారు. చెప్పమంటారా?"

లోపలి నుంచి నూకరత్నం గొంతు వచ్చింది. "వద్దమ్మా. ఆ మాట మార్సేశాం."

ఎస్తేరు ఏం చెయ్యాలో తెలియక చుట్టూ చూసింది. ఎందుకు మార్చారో ఆ వరసలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. వాళ్ల మంచితనం నాకు తిట్టు కంటే బరువుగా ఉంది.

"అమ్మా, నాన్నకి కొత్త మాట తెలవదు కదా" అని లోపల మహి అనడం వినిపించింది.

తలుపు తెరుచుకుంది. నూకరత్నం మహి చెయ్యి పట్టుకుని గడప దాటి బయటికి వచ్చింది. తలుపు వెనక నుంచి దగ్గరగా వేసింది. ఇద్దరూ గోవిందు పక్కన కూర్చున్నారు. మహి వాళ్లమ్మ వైపు చూసింది. ఆమె తల ఊపింది. మహి నాన్న చెవి మీది గుడ్డ తొలగించి వంగింది.

మొదట జోగినాథం మావయ్య చేతులు లేపాడు. తర్వాత అత్తయ్య, తర్వాత వరసంతా. ఎందుకో తెలియకపోయినా మమ్మల్ని చూసి ఎస్తేరు కూడా సంచి కింద పెట్టి చెవులు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

మహి పెదవులు కదిలాయి. చాలా చిన్న మాటే అయి ఉండాలి. తర్వాత తల్లీ కూతుళ్లు లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

మేమందరం చెవుల మీద చేతులతో ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డాం. బయటి నుంచి ఎవరో మాట చెప్పాలి, లోపల వినాలి, అదీ పద్ధతి. వాళ్లకి వినపడిందో లేదో నేను చెప్పలేను. నాకు ఏమీ వినపడే వీలు లేదు.

తలుపు తెరుచుకుంది. మంచం పక్క గోడ తెల్లగా ఉంది.